అరికాలు ఎవడు చూస్తాడ్రా

ఏటా పదో తరగతి నామినల్ రోల్స్ నింపే రోజు మా బడిలో తిరణాలలా ఉంటుంది. ఆధార్‌లో తండ్రి పేరు ఒకలా, అడ్మిషన్ రిజిస్టర్లో ఇంకోలా ఉండడం, ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా, ఇవన్నీ ఒక ఎత్తు. పుట్టుమచ్చల గడి ఒక్కటీ ఒక ఎత్తు. రెండు గుర్తులు రాయాలి. మగపిల్లలు చొక్కా చేతులు పైకి మడిచి, మెడ అటూ ఇటూ తిప్పి, ఒకడి మొహంలోకి ఇంకొకడు తొంగి చూసి వెతుక్కుంటారు. ఆడపిల్లలు ముందురోజే ఇంట్లో అమ్మనడిగి చీటీ మీద రాసుకొచ్చేస్తారు.

ఇరవై రెండేళ్ళుగా ఈ గడి నింపుతున్నాను. కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ఒక ఏడు వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, నాకు ఒకటే కనబడతంది. రెండోది అరికాల్లో ఉంది, రాయొచ్చా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వి, "పరీక్ష హాల్లో నీ అరికాలు ఎవడు చూస్తాడ్రా, ఇంకోటి వెతుక్కో" అన్నాను. మోకాలి మీద సైకిల్ మీంచి పడ్డ దెబ్బ తాలూకు మచ్చ దొరికింది. అదే రాశాం.

మా చిన్నత్త పోయాక ఆ మాట నాకు జోకులా గుర్తు రావడం మానేసింది.

మొన్న మా స్టాఫ్ గ్రూపులో ఎవరో ఒక ఫార్వర్డ్ పెట్టారు. మీ పుట్టుమచ్చకు ఈ ఐదు లక్షణాలు ఉన్నాయా, అయితే క్యాన్సర్ కావచ్చు అని పెద్దక్షరాలతో. కింద ఐదు ఫొటోలు. ఐదూ తెల్లవాళ్ళ ఒంటి మీద తీసినవే. పాలలాంటి వీపు, దాని మీద గోధుమ రంగూ నలుపూ ఎరుపూ కలగలిసిన మరక. చివర్న ఎండలో తిరక్కండి, సన్‌స్క్రీన్ రాసుకోండి అని సలహా. గంటలో పదిహేను మంది దండాల బొమ్మలు పెట్టారు. ఒక మేడమ్ తన గడ్డం కింద మచ్చ ఫొటో తీసి, "ఇది ఫర్వాలేదంటారా సార్" అని నాకు విడిగా పంపారు. సైన్సు మాస్టారిని కదా, నాకు అన్నీ తెలుసనుకుంటారు.

అందులో ఉన్నది అబద్ధమేమీ కాదు. కానీ అది మన ఒంటిని చూసి రాసింది కాదు. అది చదివి మనవాళ్ళు భయపడక్కర్లేని చోట భయపడతారు, చూడాల్సిన చోట చూడరు. నాకు తోచింది ఇదే.

పేరులోనే ఉంది తిరకాసు

పుట్టుమచ్చ అన్నాం కాబట్టి పుట్టుకతో వచ్చిందనుకుంటాం. నిజానికి పుట్టినప్పుడే మచ్చతో ఉండేది వందమంది పిల్లల్లో ఏ ఒక్కరో. మిగతావన్నీ తర్వాత వచ్చేవే. చర్మానికి రంగునిచ్చే కణాలు సాధారణంగా ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. అవి ఒకచోట గుంపు కడితే అది మచ్చ. చిన్నతనంలో సూదిమొనంత నల్లగా, చదునుగా మొదలవుతుంది. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా కొత్తవి పుడుతూనే ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ కాస్త ఉబ్బి, మెత్తబడి, ఒకటో రెండో వెంట్రుకలు మొలిచి, రంగు తేలిపోతుంది. ముసలితనంలో కొన్ని కనబడకుండా కూడా పోతాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసిన మచ్చ పింఛను కాగితాల నాటికి దొరకలేదని కంగారు పడ్డవాళ్ళని నేను చూశాను.

అంటే మచ్చకూ బాల్యం, యవ్వనం, ముసలితనం ఉన్నాయి. ఆ వరసలో నడిచే మచ్చతో పేచీ లేదు. నలభై దాటాక కొత్తగా వచ్చి, పెద్దదవుతూ పోయేదానితోనే పేచీ. అలాంటిది వస్తే మనం చేసే మొదటి పని దానికి పుట్టుమచ్చ అని పేరు పెట్టడం. ఆ పేరు పెట్టగానే అది పుట్టినప్పట్నించీ ఉన్నట్టు మనకే నమ్మకం కుదిరిపోతుంది. మా చిన్నత్తని అడిగితే అదే అంది. "ఎప్పట్నించో ఉందిరా అబ్బాయ్, పుట్టుమచ్చే." ఎప్పట్నించి అంటే చెప్పలేకపోయింది. ఎవరైనా ఎలా చెప్తారు, తన మడమ వెనక భాగం తను ఎప్పుడు చూసుకుంది కనక!

మచ్చల గురించి మనకి ఏమీ తెలియదా అంటే అదీ కాదు. పంచాంగం వెనక పేజీల్లో పుట్టుమచ్చల ఫలితాలుంటాయి. నాలుక మీద మచ్చ ఉంటే అన్నది జరుగుతుంది. అరికాల్లో ఉంటే దేశాలు తిరుగుతారు. నా చిన్నప్పుడు మా నాయనమ్మ అందరి మచ్చలూ కంఠతా చెప్పేది. ఎవరికి ఏ భుజాన ఉందో, దానికి ఫలమేమిటో. అంత శ్రద్ధగా చూసిన జాతి మరొకటి ఉంటుందనుకోను. చూసిందంతా అదృష్టం కోసమూ ఆనవాలు కోసమూ. అది పెరిగిందా, రంగు మారిందా అని చూసిన పాపాన పోలేదు.

చిన్నత్త మడమ

చిన్నత్తది గోదావరి డెల్టాలో ఒక పల్లె. అరవై ఏళ్ళ వయసులోనూ నాట్లకి పోయేది. చెప్పులు ఇంటి నుంచి గట్టు దాకానే. ఆ నలుపుని మొదట చూసింది ఇంట్లో వాళ్ళు కాదు. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచిన పక్కింటావిడ, కాళ్ళకి పసుపు రాస్తూ, "పిన్నిగారూ, మడమ దగ్గర ఈ నలుపేంటండీ, పసుపు పట్టడం లేదు" అందట. నలభై ఏళ్ళు కాపురం చేసిన మా మామయ్య చూడలేదు. కూతుళ్ళు చూడలేదు. ఆలోచిస్తే, మన పాదాలు ఇంకొకరి కంటబడేది ఇలాంటి సందర్భాల్లోనే. పెళ్ళిపీటల మీద మామగారు కాళ్ళు కడిగినప్పుడు, పేరంటంలో పసుపు రాసినప్పుడు.

ముల్లు విరిగి లోపల నల్లబడిందనుకున్నారు. కొన్నాళ్ళకి ఆనెకాయ అన్నారు. మందుల షాపులో ఆనెకాయల ప్లాస్టర్ తెచ్చి అంటించారు. అది తోలుని మెత్తబరిచి ఊడదీస్తుంది కదా, పైపొర పోయింది, నలుపు పోలేదు. ఊళ్ళో వైద్యం చేసేవాడు బ్లేడుతో చెక్కి, పచ్చిగా ఉందని యాంటీబయాటిక్ ఇచ్చాడు. తర్వాత అది పుండయింది. రసి కారడం, ఆరడం, మళ్ళీ కారడం. ఆవిడకి నొప్పి లేదు. నొప్పి ఉంటే ఆరోజే తీసుకెళ్ళేవాళ్ళమేమో. ఏడాదిన్నర తర్వాత గజ్జల్లో బిళ్ళ కట్టింది. కాలికి పుండుంటే గజ్జల్లో బిళ్ళ కట్టడం పల్లెటూళ్ళో అందరికీ తెలిసిన సంగతే, కాబట్టి దానికీ ఎవరూ ఉలిక్కిపడలేదు. పుండు తగ్గితే అదే తగ్గుతుందన్నారు. తగ్గలేదు, నిమ్మకాయంత అయింది.

అప్పుడు నేను పట్నంలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మడమ కేసి చూసి, ఏమీ అనకుండా గజ్జల్లో చెయ్యి పెట్టి చూసి, అప్పుడు నాకేసి చూశాడు. నాకు ఆ చూపు ఇప్పటికీ గుర్తు. బయాప్సీ చెయ్యాలన్నారు. ఇంటికొచ్చాక చుట్టాల పంచాయితీ. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది, ముట్టుకోకుండా నాటుమందు వాడదాం అని. ఆ పంచాయితీలో రెండు నెలలు పోయాయి. ఆ మాటకి నేను గట్టిగా ఎదురు చెప్పలేదు. సైన్సు మాస్టారినే. ఎదురు చెప్పి, తర్వాత ఏదైనా అయితే మాట పడాలని భయం. ముక్క తీసి పరీక్ష చేసినంత మాత్రాన జబ్బు పాకదు. ఆలస్యం అయితే పాకుతుంది. ఈ రెండు వాక్యాలు ఆరోజు నోట్లోంచి రాలేదు.

రిపోర్టులో జబ్బు పేరు ఎక్రల్ లెంటిజినస్ మెలనోమా. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. అందులో ఇది అరికాలికీ అరచేతికీ గోరు కిందా వచ్చే రకం. దాని కింద ఒక అంకె ఉంది, లోతు 5.5 మి.మీ. అని. నేను దాన్ని చూసి, ఇంతేనా, అరంగుళం కూడా లేదు అనుకున్నాను. ఆ అంకె అర్థం తర్వాత తెలిసింది. 1970లో అమెరికాలో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు మెలనోమా ఎంత వెడల్పుంది అన్నదానికన్నా చర్మంలోకి ఎంత లోతు దిగింది అన్నదే రోగి భవిష్యత్తు చెప్తుందని తేల్చాడు. ఆయన చూసిన రోగుల్లో 0.76 మి.మీ. కన్నా పలుచగా ఉన్నవి తిరగబెట్టలేదు. 0.76 మి.మీ. అంటే సరిగ్గా మన జేబులో ఏటీఎం కార్డు మందం. ఇప్పటికీ లెక్క దాదాపు అంతే. మిల్లీమీటరు లోపు దొరికితే చాలావరకు కోసి తీసేస్తే సరిపోయే జబ్బు. నాలుగు దాటితే పెద్ద జబ్బు. చిన్నత్త మడమలో ఏడు కార్డుల దొంతర ఉంది.

ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ అనే కొత్త మందులు మెలనోమా కథనే మార్చాయన్న మాట నిజం. 2011 నుంచి ఒక్కొక్కటే వచ్చాయి. వాటికి దారి వేసిన శాస్త్రవేత్తలు అలిసన్‌కీ హోంజోకీ 2018లో నోబెల్ కూడా వచ్చింది. అయితే అరికాలి రకం మిగతా మెలనోమాలంత బాగా వాటికి లొంగదు. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. ఆవిడ ఇంకో పద్నాలుగు నెలలు ఉంది.

ఎండ తగలని చోటే ఎందుకు

ఇప్పుడు ఆ ఫార్వర్డ్ దగ్గరికి వస్తాను. ఎండని తప్పించుకోండి అన్నది తెల్లతోలు వాళ్ళకి ప్రాణం నిలిపే సలహా. ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు వచ్చేలోపు ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుంది. అక్కడ 1981 నుంచే చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని పాటలు కట్టి మరీ పిల్లలకి నేర్పారు. మన రంగు మనకి పుట్టుకతో వచ్చిన గొడుగు. ఆ గొడుగు వల్లే మెలనోమా మన దేశంలో ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా రాదు.

కానీ ఆ గొడుగు నీడ పాదం కింద పడదు. అక్కడ గొడుగుతో పనే లేదు, ఎందుకంటే అక్కడి జబ్బుకి ఎండ కారణం కాదు. అరికాలు, అరచెయ్యి, గోరు కింద వచ్చే ఈ రకం తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఇంచుమించు ఒకే లెక్కన వస్తుంది. తెల్లవాళ్ళకి ఎండ వల్ల వచ్చేవి కుప్పలుతెప్పలుగా ఉంటాయి కాబట్టి వాళ్ళ మొత్తం మెలనోమాల్లో ఇది నూటికి రెండో మూడో. మనకి ఆ మిగతావి చాలా అరుదు. కాబట్టి మనకొచ్చే కొద్దిపాటి మెలనోమాల్లో పెద్ద వాటా దీనిదే. జపాన్‌లోనూ అంతే. అరికాలి మీద బరువు పడే చోట్ల ఎక్కువగా వస్తుంది కాబట్టి ఒత్తిడి, రాపిడి పాత్ర ఉండొచ్చని పరిశోధకుల అనుమానం.

ఈ విషయంలో లోకానికి తెలిసిన ఉదాహరణ బాబ్ మార్లీ. జమైకా పాటగాడు, ఫుట్‌బాల్ పిచ్చి. 1977లో కుడికాలి బొటనవేలి గోరు కింద మచ్చని ఆటలో తగిలిన దెబ్బనుకున్నాడు. మెలనోమా అని తేలాక వేలు తీసేద్దామన్నారు, ఒప్పుకోలేదు. గోరూ దాని కింది భాగమూ మాత్రం తీయించుకున్నాడు. 1981 మే 11న పోయాడు, 36 ఏళ్ళకి. ఆయనది అరికాలు కాదు గానీ, కాలి మచ్చ దేశాలు తిప్పుతుందన్న మా నాయనమ్మ మాట ఆయన విషయంలో నిజమే.

మా తమ్ముడి కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ ఆఫీసు వాళ్ళు పెట్టించిన స్కిన్ చెక్‌కి వెళ్ళిందట. వీపు, చేతులు, మెడ అన్నీ భూతద్దంతో చూశాక ఆ డాక్టరు, "మీరు ఇండియన్ కదా, సాక్స్ కూడా తీయండి" అన్నాడట. ఫోన్లో నవ్వుతూ చెప్పింది, "పెదనాన్నా, గోళ్ళ రంగు కూడా తుడిపించాడు" అని. ఆ డాక్టరెవరో గానీ, ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. డాక్టర్లందరికీ ఆ చదువు లేదు. వైద్యం పుస్తకాల్లో చర్మవ్యాధుల బొమ్మలు తెల్లతోలు మీదే ఎక్కువ ఉంటాయన్న గొడవ మీదే 2020లో లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి, నల్లటి చర్మం మీద జబ్బులు ఎలా కనిపిస్తాయో చూపే చేతిపుస్తకం ఒకటి తన మేష్టార్లతో కలిసి తెచ్చాడు. ఒక విద్యార్థి చెయ్యాల్సి వచ్చిందన్నమాట.

లక్షలో ఒకరికి రాని జబ్బు కోసం ఇంత గోలా

ఇది నాకు నేనే వేసుకున్న ప్రశ్న. చిన్నత్త పోయిన ఏడాది నేను మనిషిలా లేను. ఎవరింటికెళ్ళినా కళ్ళు మచ్చల మీదే. మా ఆవిడ చెంపల మీద, మెడ మీద ఆవగింజల్లాంటి నల్లటి పొక్కులు నాలుగైదు వస్తే కంగారుపడి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన నవ్వాడు. నలభై దాటిన మనవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, అవి సర్వసాధారణం, వంశంలో వస్తాయి, ఏమీ చెయ్యవు అన్నాడు. మా నాన్న వీపు మీద మైనం ముద్ద అంటించినట్టు, గోటితో గీకితే ఊడొస్తుందేమో అన్నట్టుండే గోధుమరంగు మచ్చలూ అంతే, ముసలితనం తెచ్చే ముడతల్లాంటివే. ఆ రోజు ఫీజు, ఆటో ఖర్చు, మా ఆవిడ చివాట్లు, అన్నీ దండగే.

ఈ దండగ చిన్న విషయం కాదని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో పస ఉంది. అమెరికాలో 1975తో పోలిస్తే మెలనోమా కేసులు ఆరు రెట్లు పెరిగాయి, చావులు మాత్రం దాదాపు అక్కడే ఉన్నాయి, అంటే హాని చెయ్యని వాటికి కూడా క్యాన్సర్ అని పేరుపెట్టి కోస్తున్నాం అని గిల్బర్ట్ వెల్చ్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ 2021లో రాశారు. ఏ లక్షణమూ లేని మామూలు మనిషిని కూర్చోబెట్టి ఒళ్ళంతా వెతికితే మేలు జరుగుతుందని చెప్పేందుకు సరిపడా ఆధారాలు లేవని అమెరికా ప్రభుత్వం నియమించే నిపుణుల బృందమే 2023లో మళ్ళీ చెప్పింది. ఇంకో లెక్క ఉంది. ఇరవయ్యేళ్ళ కుర్రాడి ఒంటి మీద ఏదో ఒక మచ్చ మీద వేలు పెట్టి, ఇది 80 ఏళ్ళలోపు మెలనోమా అవుతుందా అంటే, అవకాశం సుమారు మూడు వేలలో ఒకటి. ఆడపిల్లకైతే పది వేలలో ఒకటి కూడా కాదు. అదీ అమెరికా వాళ్ళ లెక్క. మనకి ఇంకా తక్కువే ఉంటుంది. అసలు మెలనోమాల్లో పదింట ఏడు పాత మచ్చలోంచి రావు, శుభ్రంగా ఉన్న చర్మం మీద కొత్తగా మొలుస్తాయి.

కాబట్టి ఉన్న మచ్చలన్నీ లెక్కపెట్టుకుని కూర్చోమని నేను అనను. వందకి పైగా మచ్చలున్నవాళ్ళు, దగ్గరి రక్తసంబంధీకులకి మెలనోమా వచ్చినవాళ్ళు, వింత ఆకారాల మచ్చలు ఐదారు ఉన్నవాళ్ళు ఒకసారి చూపించుకోవడం వేరు. మిగతా జనానికి, పల్లెల్లో నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఇంతగా ఉండగా, పుట్టుమచ్చల శిబిరాలు పెట్టమంటే అది బుద్ధిలేని ఖర్చు.

మరి నా గోలేమిటంటే, అరికాలు చూసుకోవడానికి శిబిరం అక్కర్లేదు. పీట మీద కూర్చుని కాలు ఒళ్ళోకి తీసుకుంటే చాలు. వెల్చ్ గారి వాదన వీపు మీద మచ్చలు వెతికి కోసే దేశాలది. మా ఇంట్లో జరిగింది దానికి పూర్తిగా తిరగేసిన కథ. అక్కడ పలుచటివి ఎక్కువ దొరుకుతున్నాయని బాధ, ఇక్కడ మందపువే దొరుకుతున్నాయని బాధ. ఒకరికి విరేచనాలు, ఇంకొకరికి మలబద్ధకం. ఇద్దరికీ ఒకే మందు రాయకూడదు కదా!

చాళ్ళూ గట్లూ

ఫార్వర్డ్‌లోని ఐదు లక్షణాల్లో మొదటి నాలుగూ 1985లో న్యూయార్క్ డాక్టర్లు జనానికి తేలిగ్గా గుర్తుండాలని కట్టినవి. మచ్చని మధ్యకి మడిస్తే రెండు సగాలూ కలవకపోవడం, అంచు గజిబిజిగా ఉండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, పెన్సిల్ వెనక రబ్బరు కన్నా పెద్దదవడం. కందిగింజంత అనుకోండి. ఐదోది, మారుతూ ఉండడం, 2004లో కలిపారు. నన్నడిగితే ఆ ఐదోదే అసలైనది. మిగతా నాలుగూ లేకపోయినా మారుతున్న మచ్చని వదలకూడదు. 1998లో ఫ్రాన్స్ డాక్టర్లు ఇంకో మాట చెప్పారు, అది నాకు మరీ నచ్చింది. ఒక మనిషి ఒంటి మీద మచ్చలన్నీ అన్నదమ్ముల్లా ఒకే పోలికతో ఉంటాయి. ఆ పోలిక లేకుండా విడిగా కనిపించేదాన్ని అనుమానించమన్నారు. ముప్పై మచ్చలున్న మనిషికి ముప్పైనీ కొలవక్కర్లేదు, ఎడంగా ఉన్న ఆ ఒక్కదాన్నీ చూస్తే చాలు.

అరికాలి దగ్గర ఈ సూత్రాలు కొంత తడబడతాయి. అక్కడ మొదట్లో మచ్చ చదునుగా, సిరా ఒలికినట్టు ఉంటుంది. ఒక్కోసారి నలుపే ఉండదు, ఎర్రగా, మానని పుండులా ఉంటుంది. అందుకే పాదం మీద ఏది ఉన్నా, ఇదేమిటో తెలియలేదు అన్నదే ఒక లక్షణం. ఆనెకాయ అన్నారు, ఆనెకాయ మందుకి తగ్గలేదు. పుండన్నారు, నెల దాటినా మానలేదు. ఇక అక్కడ ఊహలు ఆపి చూపించాలి.

గోరుది మరో కథ. మన రంగు వాళ్ళకి గోళ్ళలో నిలువుగా సన్నటి నల్ల గీతలు రావడం మామూలే, నాలుగైదు వేళ్ళకి ఉంటాయి. ఒక్క వేలికే, అదీ బొటనవేలికి, పెద్దయ్యాక వచ్చి, ఏటేటా వెడల్పవుతూ, నలుపు గోరు దాటి గోరు మొదలు దగ్గరి చర్మం మీదకి పాకితే అది వేరే సంగతి. దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టినదైతే గోరుతోపాటు ముందుకి జరుగుతుంది, వెనక శుభ్రమైన గోరు వస్తుంది. చేతి గోరు మొత్తం మారడానికి ఆరు నెలలు, కాలి బొటనవేలికి ఏడాది, ఏడాదిన్నర. జరగకుండా అక్కడే నిలబడిందంటే అది దెబ్బ కాదు.

నా ఎడమ పాదం మీద చిటికెనవేలి కింద ఒక మచ్చ ఉంది. చిన్నత్త పోయేదాకా అది ఉన్నట్టే నాకు తెలియదు. దాన్ని చూపించినప్పుడు డాక్టరు డెర్మటోస్కోప్ అనే చిన్న భూతద్దం ఆనించి చూసి, ఆ తర్వాత నన్నూ చూడమన్నాడు. అరికాలి చర్మం అద్దంలో దున్నిన చేనులా ఉంది. వరసగా గట్లు, మధ్యలో చాళ్ళు. గట్ల మీద చెమట రంధ్రాలు చుక్కల ముగ్గులా. నా మచ్చ రంగంతా చాళ్ళలోనే సన్నటి గీతలుగా పారి ఉంది. "మీ ఊరి వాడికి చెప్పినట్టు చెప్తాను, నీళ్ళు చాళ్ళలో ఉంటే మంచిది, గట్లెక్కితే ఆరోజు నాకు కబురు పెట్టండి" అన్నాడు. జపాన్ డాక్టర్లు కనిపెట్టిన తేడా ఇది. రంగు చాళ్ళలో ఉంటే సాధారణంగా మామూలు మచ్చ, గట్ల మీద పేరుకుంటే అనుమానం. పాఠం చెప్పడమంటే అలా ఉండాలి.

తీసేసిన ముక్క ఎటుపోయింది

మా సహోద్యోగి ఒకాయన, కూతురి పెళ్ళికి ముందు ఆ అమ్మాయి పైపెదవి మీద మచ్చని పట్నంలో ఒక బ్యూటీ క్లినిక్‌లో కాల్పించేశాడు. ఐదు నిమిషాల పని, వాయిదాల సౌకర్యం కూడా ఉందట. పరీక్షకి పంపారా అంటే ఆయన నాకేసి వింతగా చూశాడు. ఆ అమ్మాయిది ఖచ్చితంగా మామూలు మచ్చే అయి ఉంటుంది, నేనేమీ శకునం పలకడం లేదు. కానీ లేజర్‌తో కాల్చేసినా, పల్లెల్లోలా పులిపిరికాయ అనుకుని సున్నం సోడా పెట్టి మాడ్చేసినా, అదేమిటో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షి బూడిదైపోతుంది. పైన మచ్చ ఉండదు, కింద ఏదైనా మిగిలి ఉంటే అది తెలిసేటప్పటికి గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కడుతుంది. అందానికి తీయించుకోవడం తప్పని నేను అనను. డాక్టరు చూసి మామూలుదే అన్నాక కాల్పించుకోవచ్చు. ఏ కాస్త అనుమానమున్నా కోసి తీసి, ఆ ముక్కని సీసాలో వేసి ల్యాబ్‌కి పంపాలి.

మాటల్లో మాట, నడుము దగ్గర కూడా ఓసారి చూసుకోమని ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి. ఏళ్ళ తరబడి పంచె, లంగా బొందు బిగించి కట్టిన చోట రాపిడికి పుండు పడి, అది క్యాన్సర్‌గా మారడం మన దేశంలో చాలాకాలంగా డాక్టర్లు రాసిపెట్టిన సంగతి. పాత కాలిన మచ్చల్లో మానని పుండ్లూ అలాంటివే. ఇవి మెలనోమాలు కావు, వేరే జాతి. చూసుకోకపోవడం మాత్రం ఒకటే జాతి.

నా పాదం మీది మచ్చకి మూడు నెలలకోసారి ఫొటో తీసే ఏర్పాటు. మా ఆవిడ మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోన్లో తీస్తుంది. తర్వాత పాత ఫొటో, కొత్త ఫొటో రెండింట్లో బిళ్ళ ఒకే సైజు వచ్చేలా సరిచేసి పక్కపక్కన పెట్టి చూస్తుంది. పద్ధతి ఆవిడదే. పోయిన సంక్రాంతికి తీసిన ఫొటోలో మచ్చ పెరిగింది. కొద్దిగా కాదు, కంటికి ఆనేంత. ఆవిడ రెండుసార్లు చూసి, మూడోసారి నాకు చూపించింది. "ఏమండీ, మొదటి బస్సుకి వెళ్ళిపోదాం" అంది. పిల్లలకి చెప్పొద్దనుకున్నాం. రాత్రంతా నాకు నిద్రలేదు, గట్లు, చాళ్ళు, ఏటీఎం కార్డుల దొంతరలు. తెల్లవారుజామున లేచి దీపం వేసి ఆ రెండు ఫొటోలూ మళ్ళీ చూశాను. అప్పుడు కనబడింది. పాత ఫొటోలో ఉన్నది 1998 నాటి రూపాయి, అడ్డంగా 25 మి.మీ. కొత్తదాంట్లో ఉన్నది 2016ది. 2011 తర్వాత వచ్చిన రూపాయి బిళ్ళ 22 మి.మీ.కి కుంచించుకుపోయింది. బిళ్ళని పెంచి పాతదాంతో సమానం చేసేసరికి పక్కనున్న మచ్చ కూడా పెరిగింది.

ఆ 1998 రూపాయి ఇప్పుడు మా దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన విడిగా ఉంటోంది. చిల్లర లేకపోయినా దాని మీద చెయ్యి వెయ్యకూడదని ఇంట్లో ఆర్డరు.